కుడి పక్క

ముఖలింగం దాన్ని జీడిపిక్కల గోనెలో చుట్టి తెచ్చాడు,
జలుమూరు నుంచి, మోపెడ్ మీద కాళ్ల మధ్య నిలబెట్టుకుని.
గోనె విప్పితే నాలుగు డెక్కుల కంట్రోలర్.
జాగ్ చక్రాల మీద చెమట ఆరిన తెల్ల మరకలు,
మూడో క్యూ బటన్ మీద అంకె అరిగిపోయింది.
"ఏ లేప్‌టాప్‌కైనా తగులుద్ది బాబూ" అన్నాడు.
తగలడం వేరు, అతకడం వేరు.
నరసన్నపేట బస్టాండు వెనక ఈ షాపులో
పన్నెండేళ్లుగా నేను తింటున్న కూడు
ఆ రెండు మాటల సందులోదే.

వయరు పెట్టాను. దీపం వెలిగింది.
తెర మీద మాత్రం: పరికరం ఏదీ లేదు.
ఎదురుగా ఉంది, వెలుగుతోంది, లేదట.
అరగంట కుస్తీ పట్టాక తెలిసింది,
అది ఫోన్ చార్జింగు వయరు.
కూడు మోసే తీగలే ఉన్నాయి దాన్లో,
కబురు మోసే తీగల్లేవు.

మార్చాను.
సాఫ్ట్‌వేరేమో పెట్టె మరీ పాతదంది,
పెట్టేమో లేప్‌టాప్ మరీ కొత్తదంది.
గట్టు తగువులో పెద్దమనిషిలా నడుమ కూచుని
దాన్నొక వెర్షన్ వెనక్కి దింపాను,
దీని అప్‌డేట్లకి గొళ్లెం పెట్టాను.
అసిరినాయుడు టీ తెచ్చి "అన్నా, టీ" అని రెండుసార్లన్నాడు.
ముఖలింగం వినిపించుకోలేదు.
పెట్టె అమ్ముకునేవాడి దిగులనుకున్నాను.

బఫర్ తగ్గిస్తే పేలాలు వేగినట్టు చిటపట.
పెంచితే వంశధార అవతలి ఒడ్డు చాకిరేవు:
బండ మీద బట్ట పడ్డం ముందు కనిపిస్తుంది,
చప్పుడు తీరిగ్గా ఏరు దాటి వస్తుంది.
వేలితో పాట ఆపి పట్టేవాడికి
నడుమ అంత ఏరు పనికిరాదు.
రెండువందల యాభై ఆరు దగ్గర
చిటపట అణిగింది, ఒడ్డు దగ్గరైంది.

జనరేటర్ మీదా చూశాను.
సంబరం నాడు కరెంటు ఉండదు, ఉన్నా నూట ఎనభై.
దీపాలు ఒకసారి కళ్లార్పాయి. పాట తెగలేదు.
పిచ్ స్లైడర్ నడుమ దుమ్ము. తుడిచాను.
ఫేడర్ సరే.

అప్పుడు తెలిసింది, కుడి బాక్సు పలకట్లేదని.
బాక్సులు అటుదిటు మార్చాను. తీగలు మార్చాను.
బాక్సు మంచిదే, తీగ మంచిదే.
పుస్తకంలో రెండువేలు తగ్గింపు రాసి
కాస్త కోపంగానే అడిగాను,
"కుడి చానల్ చచ్చి ఎన్నాళ్లయింది?"

"సావడమేటి బాబూ?
మొన్న మా ఊరి తొలేళ్లకి ఇదే వాయించినాను.
రెండూ సుబ్బరంగా ఒచ్చినాయి"
అంటూ ఎడం చెవి నా మాటకేసి తిప్పాడు.

పొద్దుట కూడా అలాగే తిప్పాడు.
కుర్చీ జరుపుకుని గోడవారకెళ్లాడు,
అసిరి టీ పట్టుకుని నిలబడింది కుడి పక్కనే.
పదహారేళ్లు లారీ మీద
బాక్సుల వరసకి ఒకే వైపు నిలబడ్డ మనిషి.

అబద్ధం ఆడలేదు.
ఏది ముందు పోయిందో అతనికీ తెలీదు,
నా మీటరుకీ తెలీదు.

అడుగు మూత విప్పాను.
కుడి సాకెట్ కాలి దగ్గర సోల్డర్ పగిలింది, వెంట్రుకవాసి.
ఒక చుక్క. కొంచెం పొగ.
పుస్తకంలో రెండువేలు కొట్టేశాను.

ముఖలింగాన్ని రెండు బాక్సులకి నట్టనడుమ కూచోబెట్టి
పాట పెట్టాను.
డప్పు ఎడమ నుంచి కుడికి నడిచే చోటొచ్చింది.
అది దాటగానే అతను తలెత్తి చూశాడు,
గదిలోంచి ఎవరో చెప్పకుండా లేచెళ్లిపోయినట్టు.

"రెండూ ఒస్తన్నాయి కదేటి?"

"వస్తున్నాయి."

డబ్బు లెక్కపెట్టుకుని,
ఖాళీ గోనె దులిపి మడిచి
ఎడం చంకలో పెట్టుకున్నాడు.